ఎలీషబా తట్టి తెచ్చిన చట్టి

ఏందే అది, ఆ అట్టపెట్టెలో? పెరుగు తోడేసే మిషనా? పెరుక్కు గూడా మిషను వచ్చిందా తల్లీ! ఇటియ్యి, చూస్తా. బుడ్డి బుడ్డి గాజు గిన్నెలు, చిన్నపిల్లలు అన్నాలాట ఆడుకునే సామాన్ల మాదిరున్నాయి. వైరు గూడా ఉందే. బాగుందిలే, నేనేం వద్దనను. ఏది కొనాలో తేలక ఇన్ని దినాలు ఫోన్లో చూస్తా కూచున్నావా? చూడాల్సిందే మరి. పెరుగు గిన్నె ఏరుకోవడమంటే ఉత్త మాటనుకున్నావా? ఏం నవ్వుతావు? మా అత్త, అదేనే, మీ తాత రాజరత్నం వాళ్ళమ్మ, ఎలీషబా, ఒక్క పెరుగు చట్టి ఏరుకునేదానికి కంభం సంతనంతా నిలబెట్టేసింది. అబద్ధం చెప్తానా నీకు? నువ్వామెను చూళ్ళేదు. మీ నాయనకే సరిగ్గా గుర్తుండదు. కూర్చో, ఆ పీట లాక్కో. ముందు ఆ వక్కాకు సంచి అందించు.

సన్నగా, పొడుగ్గా, నల్లగా నిగనిగలాడతా ఉండేది మనిషి. నేను కోడలిగా వచ్చేసరికే తల నెరిసిపోయింది గానీ, నడిస్తే నేను వెనకబడేదాన్ని. పుట్టిల్లు రాచర్ల పక్క పల్లె. మాట తక్కువ. కోపమొస్తే ఇంకా తక్కువ. నోరు మూసిందంటే ఇంట్లో అందరం భయపడేవాళ్ళం. పని చేసేటప్పుడు మాత్రం, ఇద్దరం జొన్నలు దంచతా ఉంటే, ఉన్నట్టుండి మొదలుపెట్టేది. నేను చెప్పేదంతా ఆమె నోటి నుంచి విన్నదే. అది జరిగేటప్పటికి నేను పుట్టినానో లేదో. తెల్లదొరల కాలం. మనది కర్నూలు జిల్లా, పైన మద్రాసు. మన పాలెం ఊరికి ఎడంగా చెరువు కింద ఉండేది, ఇప్పుడున్న చోటు గాదు, ఇంకా పల్లంలో. వానొస్తే ఇండ్లల్లోకి నీళ్ళొచ్చేవంట. అప్పటికే అందరూ దొరల గుళ్ళో చేరినవాళ్ళే, ఆదివారం పాటలు పాడేవాళ్ళే. సోమవారం మళ్ళీ ఊళ్ళోవాళ్ళ పొలాల్లోకి కూలికి పోయేవాళ్ళే.

ఆమె మామ యోసేపు. మంచి మనిషి. ఆయన్ను నేనెరుగుదును, నా పెండ్లికి గూడా ఉన్నాడు, అది తర్వాత సంగతిలే. ఆయన పుట్టినకాణ్ణుంచి పెద్దింటి రంగనాయకులు వాళ్ళ బర్రెల్ని కాసినాడు. బర్రె నడక చూసి ఏ కాల్లో ముల్లుందో చెప్పేవాడంట. ఒకసారి నల్లమల దాపుకు మేపుకు తోలుకపోతే ఒక పడ్డదూడ బండల మీంచి జారి కాలు విరగ్గొట్టుకునింది. దాన్ని భుజాన వేసుకొని దించుకొచ్చినాడు. పెద్దింటాయన చూసి, "ఇది బతికేది లేదు, చూలు కట్టేది లేదు. బతికిస్తే నువ్వే ఉంచుకో పోరా యోసేపూ" అన్నాడంట. మాటైతే మాటే, ఆయన ఆ మాట మీదనే నిలబడినాడు, అట్లాంటోళ్ళు గూడా ఉండేవాళ్ళు. యోసేపు వెదురు దబ్బలు కట్టి, ఆకు పసరు పోసి, దాన్ని లేపి నిలబెట్టినాడు. కుంటుతా కుంటుతానే పెరిగింది, కట్టింది, ఈనింది. మన పాలెంలో పాలిచ్చే బర్రె ఉన్న ఇల్లంటే అదే మొదలు. ఆ పొద్దు పాలెమంతా వచ్చి చూసిపోయినారంట, పెండ్లికూతుర్ని చూసినట్టు.

ఈన్నాక ఏమైందంటే, యోసేపుకు గ్రహణి పట్టింది. తిన్నది కడుపులో నిలిచేది గాదు. ఎముకలు తేలినాయి. మా మామ ఇస్సాకు, ఎలీషబా మొగుడు, నాయనను మంచం మీద పెట్టుకొని ఊళ్ళోకి మోసుకపోతే, మందులిచ్చే కాంపౌండరు చూసి, "మందు నేనిస్తాను గానీ, పులవని గట్టి పెరుగు పెట్టండి, అది నిలుస్తుంది. పుల్లమజ్జిగ నీళ్ళు పోసినారంటే మనిషి దక్కడు" అన్నాడంట. ఇంట్లో పాలున్నాయి. అంతవరకు దేవుడిచ్చినాడు. ఇంక పెరుగు చేసుకోవడమే. నువ్వైతే ఇప్పుడు ప్లగ్గు పెట్టి పడుకుంటావు. ఆమెకు పెరుగు తోడేసిన చెయ్యి గాదు. పుట్టింట్లో పాడి లేదు, అత్తింట్లో లేదు. తోడుకు ఎవరింటికి పోయేది? ఎండు మిరపకాయల తొడిమెలు గోరువెచ్చని పాలల్లో వేస్తే తోడుకుంటుందని ఎవరో చెప్తే అట్ల చేసింది. తోడుకునేది గానీ గిన్నె కుదరలేదు.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఇత్తడిది ఆమె పెండ్లి చెంబు. ప్రేమగా దాంట్లో వేసింది. కళాయి ఎప్పుడో పోయింది దానికి. తెల్లారి చూస్తే అంచున పచ్చగా కిలుము. ముసలాయనకు పెట్టే ముందు తను నోట్లో వేసుకొని చూసింది, ఆ పొద్దంతా కక్కుకునింది. అప్పుణ్ణుంచి ఏది చేసినా ముందు తను తిని, కొంతసేపు చూసి, అప్పుడే మామకు పెట్టేది. తర్వాత సత్తు గిన్నె, ఎవరో వాడి పారేస్తే తెచ్చుకున్నది. దాంట్లో నీళ్ళు నీళ్ళుగా పేరుకొని ఒక రకం వాసన. తర్వాత క్రిస్మస్‌కు దొరసాని పంచిన పింగాణీ గిన్నె. దాంట్లో తోడుకునింది గానీ, ఆ ఎండలకు మధ్యాన్నానికే పులిసి జిగురు సాగేది. మన కంభం ఎండ నీకు తెలుసు గదా. మట్టిది కావాల. మట్టి నీళ్ళు పీల్చుకుంటుంది, పెరుగు గట్టిపడతుంది. చల్లగా ఉంటుంది, తొందరగా పులవదు. ఆమెకది ఎవరూ చెప్పలేదు, కడవ నీళ్ళు చల్లగుంటాయి గదా, పెరుగెందుకుండదు అనుకునిందంట. సంతలో ఒక చట్టి తెచ్చింది. పాలు పోసి కుదురు మీద పెట్టి తిరిగొచ్చి చూస్తే నేలంతా తెల్లగా. కనపడని బీట. యోసేపు మంచంలో నుంచి ఆ కారిపోయిన పాలనే చూస్తా ఉన్నాడంట, ఏమనకుండా. "ఏమన్నా అనుంటే బాగుండేది లీదియా" అనేది మా అత్త నాతో.

బీట చట్టి ఎందుకు తెచ్చిందంటావా? అక్కడే ఉంది కత. సంతలో కుండలమ్మేది కోటమ్మ. కుమ్మరోళ్ళ ఆడమనిషి, మొగుడు పోయినాక తనే సారె తిప్పి, తనే ఆవం పెట్టి కాల్చి, తనే మోసుకొచ్చి అమ్మేది. చెరువు మట్టితో చేసేది, మంచి పనిమంతురాలు. ఊళ్ళోవాళ్ళొస్తే కుండ చేతికి తీసుకొని, తిప్పి చూసి, వేలిముడితో తట్టి చూసి, బాగుంటే తీసుకునేవాళ్ళు, లేకుంటే పెట్టేసేవాళ్ళు. మనోళ్ళు అట్ల గాదు. దూరంగా నిలబడాల. కోటమ్మ ఏదో ఒకటి తీసి అవతల పెట్టేది. మనోళ్ళు వచ్చి ఎత్తుకోవాల. ముట్టుకున్నారంటే అది వాళ్ళదే, ఓటిదైనా, బీటదైనా. తిరిగిస్తే ఎవరు కొంటారు? ఆమె చెడ్డదని గాదు, ఆ కాలం అట్లాంటిది. మనోళ్ళ ఆడవాళ్ళు ఎందరు కుండలు కొన్నారో వాళ్ళ బతుకుల్లో, ఒక్కదాన్ని గూడా తట్టి చూసి కొనలేదు.

మళ్ళ సంత వచ్చింది. ఎలీషబా కొంగున జొన్నలు మూటగట్టుకొని పోయింది, అప్పుడు గింజలకే కుండలు. పోయి ఎప్పటి మాదిరే దూరంగా నిలబడింది. కోటమ్మ ఒక చట్టి తీసి అవతల పెట్టి, "ఎత్తుకోవే" అనింది. మా అత్త దాని దిక్కు చూసింది. ఎత్తుకోలేదు. "అమ్మా, ఇంకోటి చూపియ్యి" అనింది. "చూపించేదేందే, అన్నీ ఒకటే మట్టి" అనింది కోటమ్మ. ఆ మాట నిజమేనే, మట్టి ఒకటే. కానీ ఆమె కండ్ల ముందర ఇంట్లో కారిపోయిన పాలున్నాయి, మంచంలో మనిషున్నాడు. ఏమనుకునిందో ఏమో, నాల్గడుగులు ముందుకు పోయి, కుప్పలో చెయ్యి పెట్టి, ఒక చట్టి ఎత్తి, వేలిముడితో టక్కున తట్టింది.

అంతే. "ముట్టుకునింది, ముట్టుకునింది" అని ఎవరో అరిచినారు. కాటమరాజు అని మందలున్నాయన, నెయ్యి కుండకని వచ్చి ఒకటి చేతిలో పట్టుకొని బేరం చేస్తా ఉన్నాడంట. దాన్ని అట్లనే నేల మీద పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. "ఇంకెవరు కొంటారమ్మా కోటమ్మా? కుప్పంతా మైలపడె. తీసి చెరువులో పారెయ్యి. ఆ ముండను ఊరికే వదిలిపెడతారా?" అన్నాడంట, మూతి ఇట్ల పెట్టి. చుట్టూ జనం. కొనేదానికొచ్చినవాళ్ళంతా వెనక్కి జరిగినారు. ఎలీషబా చేతిలో చట్టి చేతిలోనే ఉంది. కొడతారనుకునింది. కొట్టేవాళ్ళే ఆ కాలంలో. అప్పుడు కోటమ్మ ఏం చేసిందంటే, తిట్టలేదు. కూలబడి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఎండలో మట్టి తొక్కి, కట్టె తెచ్చి, ఆవం పెట్టి, తలమీద మోసుకొచ్చిన కుండలు. ఆ గింజలు పోతే ఇంట్లో పొయ్యి లేవదు. మా అత్త ఆమె చేతులు చూసిందంట. మట్టికి పగిలి, గీతలు గీతలుగా, అచ్చం తన చేతుల మాదిరే ఉన్నాయంట. "నన్ను తిట్టుంటే నేను గూడా ఒక మాట అనేదాన్ని. ఏడ్చేసరికి ఇంక ఏం జేతును?" అనేది.

పారిపోవచ్చు గదా? నేనైతే పారిపోయేదాన్ని. పాలెం దాకా వెనక్కి తిరిగి చూసేదాన్ని గాదు. ఆమె పోలేదు. ఆ చట్టి చంకలో పెట్టుకొని, మాట తక్కువ మనిషి, ఎట్లొచ్చిందో అంత గొంతు, సంత చివర్లో మనోళ్ళ ఆడవాళ్ళు నిలబడుంటే వాళ్ళను పిలిచింది. "రాండమ్మా! పిచ్చమ్మత్తా, రా! ఇవి మైలపడినాయంట. మైలపడినవి ఊరోళ్ళకు పనికిరావు, మనకు పనికొస్తాయి. కుప్పంతా మనదే ఈ పొద్దు. రాండి, తట్టి చూసి ఏరుకోండి. గింజలు మాత్రం కోటమ్మమ్మ గంపలో పొయ్యండి, ఎవరూ తక్కువ పొయ్యొద్దు!" అనింది. కాటమరాజు పక్కకు జరిగినాడంట. ఏమంటాడు? తనే అన్నాడాయె మైలపడె అని.

ముందు ఎవరూ కదల్లేదు. పిచ్చమ్మ అని ముసలామె, నడుము వంగిపోయింది, ఆమె మొదట వచ్చింది. కుప్ప ముందర నిలబడి, చేతులు చాపి, మళ్ళ వెనక్కి తీసుకొని, "ఎట్ల తట్టాలే ఎలీషబా?" అనిందంట. చూడు తల్లీ. ఎన్ని కుండల్లో వండిందో ఆ మనిషి, ఎన్ని కుండల్లో నీళ్ళు మోసిందో. ఎట్ల తట్టాలో తెలీదు. మా అత్త ఆమె వేలు మడిచి, "ఇట్ల, వేలిముడితో, చెవి దగ్గర పెట్టుకో. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే వద్దు" అని చూపించింది. ఇంక చూడు, ఒక్కొక్కరే వచ్చినారు. కూచున్నారు, ఎత్తినారు, తట్టినారు, పెట్టినారు. రేకుల మీద వాన పడినట్టు ఖంగు ఖంగుమని ఒకటే మోత. అవసరం లేనోళ్ళు గూడా వచ్చి తట్టినారంట. నవ్వుతా, ఏడుస్తా.

కోటమ్మ అట్లనే తల మీద కొంగేసుకొని కూచోనుంది. పిచ్చమ్మ ఒకటి తట్టి, "అమ్మా, ఇది బొంగురు పలుకుతాందమ్మా" అనింది. కోటమ్మకు పౌరుషమొచ్చింది. "నా కుండ బొంగురా? ఏదీ, ఇటు తే" అని చటుక్కున ముసలామె చేతిలో నుంచి లాక్కొని, చెవి దగ్గర పెట్టి తట్టింది. ఒకసారి. మళ్ళొకసారి. "అవునే, ఇది కాల్లేదు. ఆవంలో అంచున ఉన్నట్టుంది. పక్కన పెట్టి ఇంకోటి తీసుకో" అని దాన్ని మళ్ళ ఆమె చేతికే ఇచ్చింది. ఇచ్చినాక తెలిసింది ఆమెకు, చేతిలోంచి తీసుకొని చేతికిచ్చినానే అని. అందరూ చూసినారు. కాటమరాజు, "ఏందమ్మో కోటమ్మా, ఇదేం పని?" అన్నాడు. ఆమె తలెత్తి, "నీ పని చూసుకో అన్నా. నా కుండ సంగతి నాది" అనింది. అని పక్కనున్న ఇంకొకామెకు ఎసరు కుండ ఏదో ఏరి చూపిస్తా కూచునింది.

తర్వాత కొన్ని సంతలు ఊళ్ళోవాళ్ళు కోటమ్మ దగ్గర కొనలేదులే. గిద్దలూరు నుంచి తెప్పించుకున్నారు. అవి దారిలోనే సగం పగిలేవి. ఎన్నాళ్ళు తెప్పించుకుంటారు? మళ్ళ వచ్చినారు. కోటమ్మ రెండు కుప్పలు పెట్టేది అప్పుణ్ణుంచి, ఊరి దిక్కొకటి, మన దిక్కొకటి. రెండు కుప్పలేందని నువ్వడుగుతావు. ఈ కాలపు పిల్లవు, అడుగుతావు. నిజమే, ఒక్క కుప్ప కాలేదు. కానీ మన దిక్కు కుప్పలో చెయ్యి పెట్టి తట్టి ఏరుకునేవాళ్ళం. నేను గూడా ఏరుకున్నా, కొత్తకోడలిగా పోయి. ఎలీషబా కోడలివా అని అడిగి, ఒక మూకుడు ఊరికే ఇచ్చింది నాకు కోటమ్మ.

యాడున్నా? ఆఁ. అందరూ ఏరుకొని పోయినాక చూసుకుంటే, మా అత్తకు మిగిలిందేంది? మొదట ఆమె తట్టిన చట్టి ఉంది గదా చంకలో, అది బీటదే. అంత గొడవ తెచ్చిన చట్టి పాడుదే! ఇంక నేల మీద ఒకటుంది, పొట్టిగా, మూతి ఒక పక్కకు వంకరపోయి. "అది నీకొద్దులేవే, సారె మీద చెయ్యి జారింది. వచ్చే సంతకు మంచిది తెస్తా" అనింది కోటమ్మ. వచ్చే సంత దాకా ముసలాయన ఉండాల గదా. దాన్ని ఎత్తి తట్టింది. ఖంగుమనింది. ఇంకోసారి తట్టింది. తర్వాత, ఎవరూ చూళ్ళేదనుకొని, నాలుక కొన పెట్టి చూసింది చట్టి అడుక్కు. కొత్త మట్టి నాలుకను పట్టుకుంటుంది, నీళ్ళు పీలుస్తుందా లేదా అనేది అట్ల తెలుస్తుంది. కోటమ్మ చూసింది. ఏడ్చిన మొహంతోనే నవ్విందంట. "ఏమే, నాలుక పెట్టి చూస్తావా? అది కుమ్మరోళ్ళ పని, ఎవరు నేర్పినారే నీకు?" అనింది. "ఎవరూ నేర్పలేదక్కా" అనింది మా అత్త. అమ్మా అని పిలిచే నోటికి అక్కా అని ఎట్లొచ్చిందో ఆమెకే తెలీదు. కోటమ్మ గంప సర్దుకుంటా, "ముందు గంజి పోసి నానబెట్టు, మట్టి వాసన పోతుంది. పాలు మరీ వేడిగా పొయ్యొద్దు" అని మాత్రం చెప్పింది.

చెప్పినట్టే చేసింది. గంజి పోసి నానబెట్టి, కడిగి, ఎండబెట్టి. పాలు మరగ్గాచి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి రానిచ్చి, ముందు రోజు పెరుగు కొంచెం వేలితో కలిపి, గడ్డి కుదురు మీద పెట్టి, పైన మూకుడు మూసి, కదపకుండా. పిల్లల్ని ఆ పక్కకే రానీలేదంట. తెల్లారి మూత తీస్తే, పైన మీగడ లేత పసుపు. చట్టిని వంచింది, కదల్లేదు. కొబ్బరిచిప్ప గంటెతో కోస్తే ముక్క ముక్కగానే లేచింది. ఎప్పటి మాదిరే ముందు తను తినింది, కూచుని చూసింది. ఏమీ కాలేదు. తియ్యగుందంట. అప్పుడు చట్టి చట్టిగానే ఎత్తుకొని మామ దగ్గరికి పోయింది.

ఆయన గోడకానుకొని కూచోనున్నాడు. ఆమె చట్టి పట్టుకొని వచ్చేది చూసినాడు. చూసి ఏం చేసినాడో తెలుసా? తల దించుకొని, కండ్లు మూసుకొని, రెండు చేతులు దోసిలి పట్టినాడు. ఎందుకంటే పెద్దింట్లో మజ్జిగ పోసేది అట్లనే. అరుగు మీద నిలబడి పైనుంచి పోస్తారు, కింద దోసిట్లో పట్టుకొని తాగాల, కండ్లల్లో చింది మండతుందని కండ్లు మూసుకోవాల. బర్రెల్ని కాసినవాడే, వాటి పెరుగు ముక్క ఎట్లుంటుందో ఆయనెరగడు. అలవాటమ్మా. సొంత ఇంట్లో, సొంత బర్రె పెరుక్కు, సొంత కోడలి ముందర దోసిలి పట్టినాడు.

మా అత్త కింద కూచునింది, ఆయన ముందర. కోడండ్లు మామల ముందర కూచునేది లేదు ఆ కాలంలో. కూచోని, ఆ దోసిట్లో చట్టిని పెట్టింది. "మామా, కండ్లు తెరువు. మనదే ఇది. నీ చేత్తో తీసుకొని తిను" అనింది. ఆయన తెరిచినాడు. చట్టి దిక్కు చూసినాడు. "ఇస్సాకు తిన్నాడా?" అన్నాడు. "తింటాడులే." "నువ్వు?" "నువ్వు తిన్నాక తింటా." ఊఁహూఁ అని తలూపి, వేళ్ళతో ఒక ముక్క తీసి, నోట్లో పెట్టుకోకుండా, ఆమె దిక్కు చాపినాడు. "పట్టమ్మా" అన్నాడు. మా అత్త చెయ్యి చాపింది, చాపి, ఆ ముక్క అందుకొని నోట్లో పెట్టుకొని…

ఆఁ, ఏం లేదు. ఏంది అట్ల నా కండ్లల్లోకి చూస్తావు? లెయ్యి, లెయ్యి. మబ్బు పట్టింది. దండెం మీద బట్టలన్నీ అట్లనే ఉన్నాయి, పోయి తియ్యి.